పసుపు రిబ్బన్ల కుందేలు

పెద్ద మేడం దారిలో ఉన్నారని మైకులో చెప్పి చాలాసేపయింది. పెద్దవాళ్ళు ఎప్పుడు చూసినా దారిలోనే ఉంటారు, వాళ్ళ కోసం కాచుకున్నవాళ్ళే చీకటితో లేచి, వంట ముగించి, చౌడేపల్లె ఆటో, పుంగనూరు బస్సు మారి వచ్చి, మదనపల్లెలో ఈ కల్యాణమండపం కుర్చీలకు చెమటతో అంటుకుపోయి ఉంటారు అనుకుంది అనిత, ఒళ్ళో ఉన్న బొమ్మల అట్టల కట్టను ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ. మండపం నిండా అంగన్‌వాడీ టీచర్లు, ఒకే రంగు చీరలు, ఒకే రకం ఆవలింతలు. వేదిక వెనక మొన్నటి పెళ్ళివాళ్ళ థర్మోకోల్ అక్షరాలు ఇంకా పూర్తిగా పీకలేదు, పెళ్ళికొడుకు పేరు ఊడిపోయింది, పెళ్ళికూతురి పేరులో సగం మిగిలింది, దాని మీదే అంటువ్యాధుల అవగాహన బ్యానరు కట్టేశారు. కింద పచ్చ కార్పెట్ మీద దగ్గరి సెంటర్ల నుంచి తెచ్చిన పిల్లలు, నాలుగేళ్ళవాళ్ళూ అయిదేళ్ళవాళ్ళూ, బిస్కెట్లు తింటూ, ఒకరి మీద ఒకరు పడుతూ. మేడం రాగానే మొదట లేచి ఆ పిల్లలకు ఈ అట్టలు చూపిస్తూ కథ చెప్పాల్సింది అనితే. వాంతిభేదులు ఊరంతా ఎలా పాకుతాయో జంతువుల కథగా చెప్పాలి, ఆమె చెప్పడం చూసి మిగతా టీచర్లందరూ తమ తమ సెంటర్లలో అలాగే చెప్తారు. ఆ కథలో జబ్బు తెచ్చిపెట్టే కుందేలుకు రెండు జడలు, జడలకు పసుపు రిబ్బన్లు. ఆ రిబ్బన్లు అనిత పుంగనూరు బజారులో కొన్నవి. ఆ కుందేలు ఆమె కూతురు రూప. పోయిన వానాకాలం వాంతిభేదులకు పోయిన ఆరేళ్ళ రూప.

కథ పెద్దదేమీ కాదు, చూడకుండా చెప్పగలదు, కళ్ళు మూసుకుంటే అట్టలు వాటంతట అవే తిరుగుతాయి. అనగనగా ఒక అడవి, అడవిలో తేటగా పారే వాగు, పెద్దరికం చేసే ఏనుగు, వైద్యం చేసే ఆవు, బుద్ధిగా ఉండే ఉడుత, ఇంకా లేళ్ళూ చిలకలూ. వాటి మధ్య ఒక కుందేలు పిల్ల. అమ్మ మాట వినదు. పొద్దస్తమానం మట్టిలో పొర్లుతుంది. చేతులు కడుక్కోమంటే కడుక్కోదు. ఆ చేతుల్తోనే తింటుంది, ఆ చేతుల్తోనే అందరి బువ్వా ముట్టుకుంటుంది, దానికి వాంతులు పట్టుకుంటాయి, దాన్నుంచి ఉడుతకు, ఉడుత నుంచి లేడికి, చివరికి అడవంతా మంచం పడుతుంది. ఆవు డాక్టరమ్మ వచ్చి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాపితే అందరికీ నయమవుతుంది. ఆఖరి అట్టలో కుందేలు లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, నా వల్లే మీకందరికీ జబ్బు వచ్చింది, ఇకమీదట అమ్మ మాట వింటాను అని అందరికీ క్షమాపణ చెప్తుంది. ఏనుగు తొండంతో దాని తల నిమురుతుంది. ఏనుగు తల నిమరడం మొదటిసారి చూసినప్పుడు అనితకు నవ్వొచ్చింది, ఏడుపుకు ముందు వచ్చే పాడు నవ్వు. ఆమె పుట్టిల్లు కుప్పం దగ్గర గుడుపల్లె. అటువైపు ఏనుగులు గుంపుగా దిగితే రాగి చేను నేలమట్టమే, డబ్బాలు కొట్టి టపాకాయలు కాల్చి జనం వాటిని తరుముకోవాలి, అక్కడి పిల్లలకు ఈ అట్ట చూపిస్తే భయపడేది ఏనుగును చూసే. బొమ్మలు వేసిన ప్రతాప్‌ది కూడా కుప్పమే, అతనికి ఆ సంగతి తెలియక కాదు. కథలో పెద్దవాళ్ళు మంచివాళ్ళుగానే ఉండాలి కాబట్టి ఏనుగు మంచిదైపోయింది.

చేతులు కడుక్కోదట. రూప సబ్బు అరగదీస్తోందనే కదా ఇంట్లో రోజూ రభస. బడి నుంచి వచ్చీ రాగానే బకెట్టు బోర్లించి దాని మీదెక్కి, కొళాయి తిప్పి, అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్లు, మోచేతులదాకా నురగ. ఆ నురగలోంచి బుడగలు ఊదడం. అది నేర్పింది ఎవరు, అనితే, సెంటర్లో పిల్లలకు నేర్పిన పాటే ఇంట్లో కూతురికీ నేర్పింది, ఆ పాట అయిపోయేదాకా చేతులు రుద్దుతూనే ఉండాలని, రూప మాత్రం పాట అయిపోతే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది. అత్త చౌడమ్మ లోపల్నుంచి కేకలు వేసేది, నీ కూతురు సబ్బు పూసుకుంటాందా మింగతాందా అని, అనిత కూడా రెండు తగిలించేది వీపు మీద, చాలింక దిగు అని. దిగే ముందు రూప దోసిలి పట్టి ఆ కొళాయి నీళ్ళే తాగేది. తెల్లగా కడుక్కున్న చేతుల్తో, ఆ నీళ్ళు, ఒక దోసిలి, రెండు దోసిళ్ళు. అనిత చూస్తూనే నిలబడేది. కార్పెట్ మీద ఒక పిల్లవాడు బిస్కెట్టు కింద పడేసి తీసి మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు, వాడి టీచరు చూసీ చూడనట్టు ఊరుకుంది, అనిత చెయ్యి మాత్రం కుర్చీలోంచే ముందుకు సాగి ఆగిపోయింది.

ఆ నీళ్ళు ఎక్కడివో ఊళ్ళో పసిపిల్లను అడిగినా చెప్తుంది. ట్యాంకు నుంచి వాళ్ళుండే కాలనీకి వచ్చే పైపు పెద్దవీధి మురుగుకాలువలోంచి వస్తుంది, కాలువ అంచున వేయాల్సిన దాన్ని తవ్వే పని తగ్గుతుందని కాలువలోనే పడుకోబెట్టారు. ఎప్పుడో ట్రాక్టరు చక్రం ఎక్కి అది పగిలింది. పగిలినచోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తాడు కట్టారు. వానలు పడితే కాలువ నిండుతుంది, నీళ్ళు వదలనప్పుడు పైపు ఖాళీగా ఉంటుంది, ఖాళీ పైపు కాలువలో ఉన్నదంతా పీల్చుకుంటుంది, పొద్దున కొళాయి తిప్పితే ముందు బుసబుసమని గాలి, తర్వాత ఒక రకం వాసన, తర్వాత నీళ్ళు. ఆడవాళ్ళు మొదటి రెండు బిందెలు పారబోసి మూడోది పట్టుకునేవాళ్ళు, అదే వాళ్ళకు తెలిసిన జాగ్రత్త. చెప్పాల్సినవాళ్ళకు చెప్పారు. చూద్దామన్నారు. అనిత కూడా ఆ మూడో బిందే పట్టింది, గుడ్డ కట్టి వడబోసింది, గుడ్డలో దిగిన నలుసుల్ని చూసి, అమ్మయ్య ఇక తేటగా ఉన్నాయి అనుకుంది. చదువుకున్న మనిషి, నలుగురికి ఆరోగ్యం గురించి చెప్పే మనిషి, గుడ్డను నమ్మింది. ఆ వారంలో కాలనీలో సగం ఇళ్ళు మంచం పట్టాయి, చిత్రమేమిటంటే పెద్దవీధిలో ఒక్కరికి కడుపునొప్పి కూడా రాలేదు, వాళ్ళ పైపు వేరు.

మూలన సాంబారు గిన్నెలు దించుతున్నారు, మూతల చప్పుడు. ఆ చప్పుడు ఆసుపత్రిలో సెలైన్ స్టాండ్లు గచ్చు మీద ఈడ్చిన చప్పుడులోకి పోయింది, అనిత దాన్ని అక్కడికి పోనివ్వకూడదనుకుంది, అది పోనే పోయింది. ఆటోలో రూప తల ఒళ్ళో, కాళ్ళు భర్త నరేష్ ఒళ్ళో, దారి పొడుగునా అమ్మా నీళ్ళు అమ్మా నీళ్ళు, ఇస్తే కడుపులో ఉండేవి కావు. పుంగనూరులో చూసి మదనపల్లె అన్నారు, మదనపల్లెలో చూసి ఇంకా పెద్దచోటికి అన్నారు, ఆ పెద్దచోటికి పోయే దారిలో అంబులెన్సులో మధ్యాహ్నపు ఎండలో పిల్ల నీళ్ళడగడం మానేసింది. అంతే. ఇక దాని గురించి ఎవరికీ చెప్పడానికేమీ లేదు. కానీ ఆ దారిలో ప్రతిచోటా, చీటీ రాసినవాళ్ళు, సూది వేసినవాళ్ళు, తర్వాత ఊరికి జీపుల్లో వచ్చినవాళ్ళు, అందరూ ఒకటే అడిగారు, పిల్ల చేతులు కడుక్కునేదా అని. ఇంట్లో ఎట్లా ఉంటారు, బయటికి ఎక్కడికి పోతారు, గోళ్ళు తీస్తారా అని. పైపు గురించి అడిగినవాడు లేడు. నరేష్ ఒకాయన చెయ్యి పట్టుకుని కాలువదాకా తీసుకుపోయి ట్యూబు ముక్క చూపించాడు, ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తల ఊపాడు, వారం తర్వాత ఆ ముక్క మీద సిమెంటు పూశారు, ఇంకో వారానికి పరిశుభ్రత లేకపోవడమే కారణమని తేల్చారు. పరిశుభ్రత లేనిది ఎవరికో తేల్చలేదు. అది అట్టల కోసం మిగిలిపోయింది.

ప్రతాప్ మంచివాడే, అదే ఇంకా కడుపుమంట. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేది. సన్నగా, మెత్తగా మాట్లాడే కుర్రాడు, పిల్లల కోసం బొమ్మల కథలు చేసే ఒక సంస్థ పంపితే వచ్చాడు, వాకిట్లో చెప్పులు విడిచి, ఇచ్చిన టీ పూర్తిగా తాగి, గోడ మీద రూప ఫొటో చాలాసేపు చూశాడు. మీ ఊళ్ళో జరిగింది ఇంకో ఊళ్ళో జరగకూడదక్కా, పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పాలి, జంతువులు ఉంటే పిల్లలు భయపడకుండా వింటారు అన్నాడు. రూప కథలో ఉంటుందా అని అడిగింది అనిత. ఉంటుందన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె లోపల ఏదో లేచి కూర్చుంది, ఫొటో దించి ఇచ్చింది, రిబ్బన్ల డబ్బా తెచ్చి చూపించింది, ఇదిగో ఈ పసుపు, నిమ్మపండు పసుపు కాదు, చామంతి పసుపు అని రంగు కూడా చెప్పింది. పైపు గురించీ చెప్పింది, మొత్తం చెప్పింది. అతను శ్రద్ధగా విని, చెంప గోక్కున్నాడు. అడవిలో పైపు ఎట్లా వేస్తామక్కా, జంతువులకు కొళాయిలు ఉండవు కదా, వాగు పెడదాం అన్నాడు. వాగు అంటే ఏదో ఒక వాగులే అనుకుంది ఆమె. వాగు తేటగా ఉంటే తప్పు ఇంకొకరి మీదికి పోతుందని అప్పుడు తోచలేదు. అడవిలో పైపు లేదు, పైపు వేసిన కంట్రాక్టరు లేడు, చూద్దామన్నవాడు లేడు, పెద్దవీధి లేదు, కాలనీ లేదు. ఉన్నది జంతువులు. జబ్బు ఎక్కడి నుంచో రావాలి కాబట్టి ఒక జంతువు నుంచి రావాలి.

ఆ జంతువు ఏదో అతనికి చెప్పింది ఎవరు. ఇక్కడికి వచ్చేసరికి అనిత ఆలోచన ప్రతిసారీ పక్కకు తప్పుకుంటుంది, ఇప్పుడూ ఫ్యాన్లు లెక్కపెట్టబోయింది, పక్కన కూర్చున్న టీచరు గాజులు చూసింది, ఆ గాజుల రంగు బాగుంది, చేతికి నిండుగా ఉన్నాయి, ఆ మాట ఆమెతో అంటే వెంటనే యాడమ్మా పాతవి అంటుంది, అందరూ అట్లాగే అంటారు, ఎవరూ అవును బాగున్నాయి అనరు. అదీ సంగతి. వెళ్ళేముందు ప్రతాప్ గడపలో నిలబడి అడిగాడు, రూప ఎట్లాంటి పిల్లక్కా, అల్లరి చేసేదా, నిమ్మళంగా ఉండేదా అని. ఊరికే అడిగాడు, ప్రేమగా అడిగాడు. అనిత నోటికి ఆలోచించే పని పడలేదు.

“యాడప్పా, చెప్పిన మాట వినే రకమా అది? పొద్దంతా మట్టిలోనే. చేతులు కడగమంటే సచ్చినా కడిగేది కాదు,” అంది.

సచ్చినా అంది. పిల్ల పోయి నాలుగు నెలలు కాలేదు, ఫొటోకు వేసిన దండ వాడిపోతే కొత్తది వేసి రెండు రోజులు కాలేదు, ఆ గుమ్మంలో నిలబడి ఆ మాట వాడింది. ఎందుకంటే ఎదురుగా ఒక కొత్త మనిషి నిలబడి బిడ్డ గురించి అడుగుతున్నాడు, కొత్త మనిషి బిడ్డ గురించి అడిగితే ఆమె నోరు ఆరేళ్ళుగా చెప్పింది అదే. గుడుపల్లెలో అమ్మ రత్నమ్మ నేర్పింది అదే. అమ్మకు వరసగా ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోతే మూడో బిడ్డను తీసుకుపోయి చెత్తకుప్ప మీద పెట్టి, పక్కింటావిడ చేత ఎత్తించి, ఆవిడకు గుప్పెడు రాగులిచ్చి కొనుక్కుని, కుప్పమ్మ అని పేరు పెట్టుకుంది, దేవుడికి కూడా అక్కర్లేని బిడ్డ అని చెప్పడానికి. అక్క బతికింది. తర్వాత పుట్టిన అనితకు మంచి పేరు పెట్టే ధైర్యం వచ్చింది కానీ మంచి మాట అనే ధైర్యం అమ్మకు ఎప్పుడూ రాలేదు. బిడ్డ బొద్దుగా ఉందే అని ఎవరైనా అంటే చాలు, యాడ బొద్దుగా, గాలొస్తే పడిపోతాది అనేది. చదువు బాగా వస్తుందటగా అంటే, దానికేం చదువు, మొద్దు అనేది. అని, వాళ్ళు వెళ్ళగానే ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. అనిత అదే నేర్చింది. పుంగనూరు బస్సులో ఎవరో రూప బుగ్గ పట్టుకుని ఎంత ముద్దుగా ఉంది అంటే, ముద్దా పాడా, ముక్కు సూడండి ఎట్లుండాదో అంది. బళ్ళో సారు ఈ పిల్ల చాలా శుభ్రమమ్మా, మిగతావాళ్ళకు చూపిస్తుంటాను అంటే, ఇంట్లో చూడాలి సార్ దాని అవతారం అంది. పక్కనే రూప నిలబడి వింటూ, అమ్మ కొంగుతో ఆడుకుంటూ.

ఆ పిల్లకు అర్థమయ్యేదా. ఆ తిట్లన్నీ తన చుట్టూ కట్టిన దడి అని, లోపల ఏ కన్నూ పడకుండా అమ్మ తనను దాచుకుంటోందని ఆరేళ్ళ బుర్రకు తెలిసేదా, లేక నిజంగానే తను మట్టి పిల్లనని, మాట వినని పిల్లనని అనుకుంటూ పోయిందా. ఒకరోజు కొళాయి దగ్గర, మోచేతులదాకా నురగతో వెనక్కి తిరిగి, నేను మంచి పిల్లనేనా అమ్మా అని అడిగింది. గోడ అవతల ఎవరో ఉన్నారు, మనుషుల మాటలు వినిపిస్తున్నాయి. ఎవురు చెప్పినారు నీకు, నీ అంత పాపిష్టి ముండ ఈ మండలంలో లేదు అని అనిత బుగ్గ గిల్లింది. రూప నవ్వింది. నవ్విందా. నవ్విందనే అనిత గుర్తు పెట్టుకుంది, కానీ ఈ మధ్య ఆ మొహం తలచుకుంటే నవ్వు ఉందో లేదో తెలియడం లేదు, నురగ మాత్రం కనిపిస్తుంది. ఎవరూ లేనప్పుడు ఒక్కసారి, నిద్రలోనైనా, చెవిలోనైనా, నువ్వు బంగారమే అని చెప్పి ఉండాల్సింది. గాలి కూడా వింటుందని భయం. ఇంతా చేసి ఏ దిష్టీ తగల్లేదు ఆ పిల్లకు, కాలువ తగిలింది, దానికి ఉప్పూ మిరపకాయలూ పనిచేయవు.

అట్టలు అచ్చయి వచ్చిన రోజు నరేష్ డెయిరీ నుంచి పాలక్యాన్ల వాసనతో వచ్చి, మంచం మీద పరిచిన అట్టల్ని ఒక్కొక్కటే చూశాడు. రిబ్బన్లు గుర్తుపట్టాడు, మొదట మొహం వెలిగింది. మూడో అట్ట దగ్గర, మట్టి చేతులతో అందరి గిన్నెల్లో వేళ్ళు పెడుతున్న కుందేలు దగ్గర, ఆగిపోయాడు. వెనక చిన్న అక్షరాల్లో కథకు సాయం చేసిన అనిత టీచర్‌కు కృతజ్ఞతలు అని ఉంది, అదీ చదివాడు.

“ఇది నువ్వు చెప్పినావా? నా కూతురు గబ్బుదని ఊరోళ్ళకి నువ్వు చెప్పినావా?” అన్నాడు.

అలవాటుగా వచ్చిందయ్యా అంది. ఇంకేం చెప్తుంది, అతని తల్లి చౌడమ్మ కూడా అదే అలవాటుతో అతన్ని పెంచింది, ఇప్పటికీ నా కొడుకంత పనికిమాలినవాడు లేడని కళ్ళనిండా ప్రేమతో చెప్తుంది, అతనికి తెలియని సంగతా. తెలిసే అతను బయటికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో అన్నం పెట్టు, క్యారేజీ కట్టు, ఆ మాటలే. పొయ్యిలో పెట్టెయ్ వాటిని అన్నాడు ఇంకో రోజు. అనిత పెట్టలేదు. పెట్టబోయింది, పొయ్యి దగ్గరిదాకా తీసుకుపోయింది, ఆఖరి అట్ట చేతిలో నిలిచిపోయింది. దాంట్లో కుందేలు బతికుంది. వాంతులు తగ్గి, మంచం దిగి, రిబ్బన్లు కట్టుకుని, పళ్ళు కనిపించేలా నవ్వుతూ నిలబడి ఉంది. చెయ్యని తప్పుకు చేతులు జోడిస్తే జోడించింది, బతికైతే ఉంది. ఆ అట్టను ఎన్నిసార్లు చూసుకుందో, బియ్యం డబ్బా వెనక నుంచి తీసి, ఆ జోడించిన చేతుల మీద వేలు పెట్టి మూసేసి మిగతాదంతా చూసుకునేది. తన నోటితో బిడ్డ మీద బురద చల్లి, ఆ బురద బొమ్మనే మళ్ళీ దాచుకుని చూసుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా అని తనను తనే అసహ్యించుకునేది, మళ్ళీ తీసి చూసేది.

ఇవాళ రానని సూపర్‌వైజర్ సుష్మ మేడంతో చెప్పి చూసింది. సుష్మ మేడం చెడ్డమనిషి కాదు, ఈ కథలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అదే దీని దరిద్రం. నీ పేరు పైనుంచి వచ్చిందమ్మా, నీ ఊరి కథ, నువ్వే బాగా చెప్తావు, రూప సంగతి మాత్రం ఎత్తొద్దు, సంతోషంగా జరగాల్సిన కార్యక్రమం, పిల్లలు భయపడతారు అంది. మదనపల్లె బస్టాండులో దిగినప్పటి నుంచీ అనిత ఆ మాటే నములుతోంది. టమాటా లారీల మధ్య నడుస్తూ, రోడ్డు మీద నలిగిన పళ్ళు దాటుకుంటూ, ఎత్తొద్దు, ఎత్తొద్దు. ఇంతకాలం ఎత్తకపోవడమే కదా తను చేసింది, ఎవరి ముందూ బిడ్డ మంచి ఎత్తలేదు. ఇప్పుడు ఈ మండపంలో ఇన్ని వందల కళ్ళు. ఇవాళ్టి నుంచి ఎన్ని సెంటర్లలో ఎన్ని నోళ్ళు రోజూ పొద్దున బువ్వకు ముందు రూపను గబ్బు పిల్ల అంటాయో. రిబ్బన్లు పిల్లలకు నచ్చుతాయి, పిల్లలకు రిబ్బన్లే గుర్తుంటాయి. పసుపు రిబ్బన్లు కట్టుకొచ్చిన పిల్లను చూసి కుందేలు, కుందేలు అని దూరం జరుగుతారు. ఆపగలిగితే ఇప్పుడే, ఇక్కడే, మొదటిసారి చెప్పేటప్పుడే. చెప్పేస్తాను అనుకుంది. ఈ కుందేలు కడుక్కుంది అంటాను. అందరిముందూ గొంతెత్తి మెచ్చుకుంటాను. ఇంక తగలడానికి ఏ దిష్టి మిగిలింది. ఉద్యోగం పోతే పోనీ, నరేష్ రేపటి నుంచి మొహం చూసి మాట్లాడతాడు. ఆ పిల్ల ఎక్కడున్నా ఒక్కసారి వింటుంది. అనుకున్న కొద్దీ అరచేతుల్లో చెమట పట్టి అట్టలు జారుతున్నాయి, కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

కుర్చీలు జరిగిన శబ్దం, అందరూ లేచారు, పెద్ద మేడం వచ్చేసింది. ఎండకు అలసిన మొహం, చేతిలో ఎవరో పెట్టిన పూలగుత్తి, క్షమించండి ఆలస్యమైంది అని పిల్లలవైపు చూసి నిజంగానే నవ్వింది. జ్యోతి వెలిగించారు, ఇద్దరు మాట్లాడారు, అనిత చెవికి ఒక్క ముక్క ఎక్కలేదు. పేరు వినబడింది. సుష్మ మేడం పక్క నుంచి మోచేత్తో తట్టి, నవ్వు మొహం పెట్టుకోమ్మా అంది. కార్పెట్ మీదికి దిగి పిల్లల ముందు కూర్చోవడం మాత్రం ఆమెకు తెలిసిన పని, పిల్లల కళ్ళలోకి చూసి గొంతు తగ్గించగానే పిల్లలు ముందుకు వంగారు. అనగనగా ఒక అడవి అంది. వాగు చూపించింది, ఏనుగును చూపించి ఘీంకరించింది, పిల్లలు కిలకిలమన్నారు, ఆవు డాక్టరమ్మ మెడలో స్టెతస్కోపు చూసి ఒక పిల్ల చప్పట్లు కొట్టింది. రెండో అట్ట తీసింది. కుందేలు వచ్చింది, రిబ్బన్లు వచ్చాయి, అబ్బ ఎంత బాగుందో అన్నారు పిల్లలు. మూడో అట్ట తీసి నిలబెట్టింది. మట్టి చేతులు. గిన్నెల్లో వేళ్ళు. మైకు పట్టుకున్నాయన దాన్ని ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు.

“ఈ కుందేలు చేతులు కడుక్కునింది,” అంది అనిత.

పిల్లలు బొమ్మను చూశారు, ఆమెను చూశారు, మళ్ళీ బొమ్మను చూశారు. ముందు వరసలో ఒకడు, బిస్కెట్టు పొడి అంటిన మూతితో, లేదు అన్నాడు. కడుక్కునింది నాయనా అంది ఆమె. లేదు లేదు, సూడు, మట్టుండాది అని వాడు లేచి వచ్చి బొమ్మ మీద వేలు పెట్టి చూపించాడు. అట్టలో నిజంగానే మట్టి ఉంది, ప్రతాప్ ఎంతో ఓపికగా వేలువేలుకూ రాసిన గోధుమరంగు. వాడి వెనక ఇద్దరు ముగ్గురు లేదూ అన్నారు. అనిత గొంతు పెంచింది, సబ్బు పెట్టి కడుక్కునింది, మోచేతులదాకా నురగ వచ్చేటట్టు కడుక్కునింది, దాని అంత శుభ్రమైన పిల్ల ఊళ్ళోనే లేదు, దాని అంత మంచి పిల్ల లేదు, నీళ్ళే మంచివి కాదు అంది. నీళ్ళ మాట ఎవరికీ వినబడలేదు, అప్పటికే పిల్లలందరికీ ఆట అర్థమైపోయింది. టీచర్ తప్పు చెప్తుంది, మనం లేదనాలి. లేదూ అని అందరూ ఒక్కసారిగా అరిచారు. కడుక్కునింది. లేదూ. కడుక్కునింది. లేదూ. మోకాళ్ళ మీద లేచారు, చప్పట్లు కొడుతున్నారు, నవ్వులకు ఒకరి మీద ఒకరు పడుతున్నారు, వెనక కుర్చీల్లో టీచర్లు కూడా నవ్వుతున్నారు, సెల్‌ఫోన్లు పైకి లేచాయి. సుష్మ మేడం మాత్రం తల దించుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. అనిత చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, నటన కూడా ఎంత బాగా చేస్తోందో అని ఎవరో అన్నారు.

పెద్ద మేడం వేదిక మీద నుంచి మైకు అందుకుంది. సంతోషంతో ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. చూశారా, పిల్లలకు మనం పాఠం చెప్పకూడదు, మనం తప్పు చెప్పాలి, వాళ్ళ చేత దిద్దించుకోవాలి, ఇక జన్మలో మరిచిపోరు, రేపటి నుంచి ప్రతి సెంటర్లో అందరూ ఇలాగే చెప్పండి, వీడియో అందరికీ పంపండి అంది. మండపం చప్పట్లతో నిండిపోయింది. చప్పట్లు ఆగాక ఆమె ముందుకు వంగి, పిల్లలు చాలా హుషారుగా ఉన్నారు, ఏదీ టీచర్, ఇంకొక్కసారి అంది.

అనిత అట్టను గుండెలకు ఆనించుకుని బొమ్మ కనిపించకుండా తిప్పేసింది.

“నా బిడ్డ చేతులు కడుక్కునింది,” అంది.

పిల్లలు ఊపిరి బాగా పీల్చుకుని, ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకుంటూ, అందరూ గొంతు కలిపి లేదూ అన్నారు.